ఎట్లయింది

మిర్చి సీజన్ల ఒక మంగళవారం, పన్నెండు దాటినంక
ఎనుమాములల తక్‌పట్టీలు ఆగిపోయినయి.
కాంటా మీద బస్తా ఉన్నది, బరువు కనవడ్తున్నది,
కాయితం మాత్రం వస్తలేదు.
యార్డు నుంచి ఫోన్ల మీద ఫోన్లు.
అవతల హమాలీల కేకలు, ఎవరిదో తుమ్ము,
ఆ ఘాటు వైరు పట్టుకొని
మా దాక వచ్చినట్టయింది.

మడికొండల మూడో అంతస్తు. పదకొండు మందిమి.
నఫీసా లేచి నిలబడ్డది.
చేరి నాలుగు నెలలు.
కాలే గిన్నె ముట్టుకున్నట్టు
కీబోర్డు మీంచి చేతులు ఎనుకకు తీసుకున్నది.

నా నోట్లె ఒక మాట తయారైంది.
పాత మాట, మూడక్షరాలు:
ఎవరు?

అది నాకు గచ్చిబౌలిల అంటుకున్న మాట.
అక్కడ సోమవారం సోమవారం గోడ మీద ఒక పట్టీ,
ఎర్ర గడులల్ల పేర్లు.
నా పేరు రెండుసార్లు ఎక్కింది.
మూడోసారి ఎక్కనియ్యలే,
అప్పటికి దాచుడు నేర్చుకున్న.
లెక్క తప్పని తెలిసీ ఒక నవంబరు మొత్తం
కోడి గుడ్ల మీద కూసున్నట్టు దాని మీద కూసున్న.
డిసెంబర్ల అది పిల్లలు పెట్టింది.
ఆ ఆఫీసుల కాఫీ మంచిగుండేది,
టేబుల్ టెన్నిస్ బల్ల ఉండేది,
ఎవలి పుట్టినరోజైనా కేకు కోసేటోళ్లు.
కేకు పంచుకునేది. భయం మాత్రం
ఎవలి డ్రాయర్ల వాళ్లు తాళమేసుకునేది.

మాటను మింగిన.
"ఎట్లయిందమ్మా?"

ఆమెకు ముందుగాల సమజ్ కాలే.
నేనడిగింది పేరు కాదని తెలిసినంక
గుక్క తిప్పుకోకుండ చెప్పింది:
టెస్టు డేటాబేసూ, అసలు డేటాబేసూ
రెండిటికీ ఒక్క తీరు పేరే సార్,
ఒక్కటే రంగు, ఒక్కటే పాస్‌వర్డు.
ఏది తుడుస్తున్ననో నాకు తెల్వలే.

ఆ పేర్లు పెట్టింది నేను.
మూడేండ్ల కింద, తొందరల.

చందూలాల్ కుర్చీ జరుపుకొని ఆమె పక్కకు వచ్చిండు.
"లే" అనలే, మౌసు గుంజుకోలే.
"నువ్వే కొట్టు, నేను చూస్త" అన్నడు.
రాత్రి తీసిన బ్యాకప్పు ఎక్కుడు మొదలైంది.
తిరుపతమ్మ చాయ్ తెచ్చింది, ఎవ్వలూ ముట్టలే,
వేడి చేసి మళ్ల తెచ్చింది.
నలభై నిమిషాలకు యార్డు నుంచి ఫోను:
"వచ్చింది సారూ, కాయితం వచ్చింది."
అప్పుడు చల్లారిన చాయే తాగినం.

మా దగ్గర గొప్పలేం లేవు.
ఐదు దాటితే మీటింగు పెట్టం.
కొత్తగ వచ్చినోళ్లు అదేదో సిద్ధాంతమనుకుంటరు.
చందూలాల్ మానుకోట రైలు అందుకోవాలె, గంతే.
ఒక్కని రైలు కోసం పెట్టిన గీత
పదిమందిని పొద్దుండంగ ఇల్లు చేరుస్తున్నది.

ఆ సాయంత్రం ఒక నోటుబుక్కు తీసిన.
అట్ట మీద ఏం రాయలే.
మొదటి పేజీల: "పేర్లు సరిగ్గ పెట్టలే. శుక్రవారం, తొందరల. నేను."
నఫీసా వంగి చదివింది,
సిస్టంల ఏదో ఎతికింది,
"శుక్రవారం కాదు సార్, గురువారం,
అదీ పొద్దున పదింటికి" అన్నది.
తొందర అన్న మాట గూడ కొట్టేయించింది.
అందరికంటే ముందు నేనే నవ్విన.

రాత్రి ఓనరు ఫోను, హైదరాబాదు నుంచి.
"ఎవరు చేసిన్రు?"
"మేం సార్."
అవతల కొద్దిసేపు ఫ్యాను సప్పుడే.
మనం అందామని నాలిక కొస దాక వచ్చింది.
ఆ మాటల ఆయన గూడ ఉంటడు గద,
అడగకుండ ఎట్ల కలుపుకునేది?
అందుకే జర ఆగిన.